రసీదు రాయండమ్మా!

రెండు కాసులు వేసిన బీద విధవరాలిని గురించి (మార్కు 12:41-44) మనం విన్న ప్రసంగాలకు లెక్కలేదు. కానుకల పండుగ వచ్చిందంటే ఆ వాక్యభాగమే. విని, తల పంకించి, కానుక సంచిలో మనకు తోచినది వేసి ఇంటికి వస్తాం. అయితే ఆ తల్లే మన ఎదుట నిలబడి, ఆ రెండు కాసులు మన చేతికే ఇవ్వబోతే తీసుకోవడానికి మనకు చేతులు వస్తాయా? 2025 ఫిబ్రవరి నెలాఖరున మాకు ఆ పరీక్ష ఎదురైంది. అందులో మేము ఓడిపోయాం. ఓడి ఏమి నేర్చుకున్నామో ప్రియ పాఠకులతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము ముగ్గురం. స్త్రీల సమాజం తరపున ఒక వసతి గృహంలోని పిల్లల భోజనం కోసం ఏటా చందాలు పోగుచేసే పని మాది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో ఉన్న ఒక చిన్న సంఘము వారు పంట పండుగకు రమ్మని పిలిచారు. పండుగ చూసినట్టూ ఉంటుంది, చందా అడిగినట్టూ ఉంటుందని రసీదు పుస్తకం సంచిలో వేసుకుని శనివారం మధ్యాహ్నం గుంటూరులో బస్సెక్కాం.

గుంటూరు మిరపకాయల ఊరని వేరే చెప్పాలా? మిర్చి యార్డు దిక్కు నుండి గాలి వీచిందంటే చాలు, బస్సులో ఉన్న వాళ్ళంతా దగ్గడమే. 1842 జూలై 31న హేయర్ దొరగారు ఈ ఊళ్ళో అడుగుపెట్టి లూథరన్ పరిచర్య ప్రారంభించారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసాని పేరున ఆసుపత్రి ఉన్నదీ ఈ ఊళ్ళోనే. ఆ ఆసుపత్రి వెనుక సముద్రాల ఆవల ఉన్న సంఘాల స్త్రీలు కూడబెట్టిన కానుకలు ఉన్నాయి. ఆ రోజుల నుండి మన తల్లిదండ్రులు, తాతముత్తాతలు ఎంతో పుచ్చుకున్నారు. చదువు, వైద్యం, కరువులో గంజి అన్నీ ఎవరో ఇస్తే వచ్చినవే. ఈ మాట ఎందుకు గుర్తుచేస్తున్నామో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

యడ్లపాడు దాటి చిలకలూరిపేట వైపు సాగుతుంటే రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి నేల. ఆఖరి తీత అయిపోయిన పత్తి చేలలో కట్టె మిగిలి ఉంది. మిరప చేలలో తలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు బారులు తీరి వంగి కాయలు కోస్తున్నారు. కల్లాల్లో పట్టాల మీద ఎండబోసిన కాయలు ఎర్ర దుప్పటి పరిచినట్టున్నాయి. చూడటానికి ఎంతో అందం. ఆ కాయ కోసిన చేతులు రాత్రి నిద్రపోనివ్వవన్న సంగతి మాత్రం బస్సు కిటికీలో నుండి కనబడదు. కొబ్బరి నూనె రాసుకున్నా మంట చల్లారదు. ఆ చేతితో పొరపాటున పసిబిడ్డ ముఖం తుడిచినా ఇబ్బందే.

మా పక్క సీటులో ఒక కౌలు రైతు కూర్చున్నారు. ధర ఎట్లా ఉందని అడిగాం. "2023లో మంచి కాయ క్వింటాలు ఇరవై వేలు దాటిందమ్మా. అది చూసే ఈసారి ఇంకో ఎకరం ఎక్కువ వేశాను. ఇప్పుడు అందులో సగం రావడమే గగనంగా ఉంది," అన్నారాయన. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది ఆ ఫిబ్రవరిలోనే. నారు, ఎరువు, పురుగుమందులు, కోత కూలి కలిపితే మిరపకు ఎకరానికి లక్ష రూపాయలు దాటిపోతుంది. కౌలు దానికి అదనం. భూమి తన పేర లేదు గనుక బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. అందుకే చాలామంది వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెడతారు. మార్టూరు వైపు వెళ్ళే ఆ దారంతా ఆయన లెక్కలు చెబుతూనే ఉన్నారు. వింటున్న కొద్దీ ఈ ఏడు చందా అడగడానికి మాకు నోరు రాదనిపించింది. రసీదు పుస్తకాన్ని సంచి అడుగుకు తోసేశాం.

ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో తరువాత చెబుతాం.

సాయంత్రం గుడి దగ్గరకు చేరేసరికి అయ్యగారు, సంఘ పెద్దలు అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. తెల్లవారితే పండుగ. అయినా పండుగ చేయాలా వద్దా అన్న మాట ఇంకా తెగలేదు! ఒక పెద్దాయన అన్నారు: "ధర లేదు. సగం మందికి పంటే లేదు. ఏ పంటకని కృతజ్ఞత చెప్పాలి?" మరొకరు ఆయనకు 2021-22 సంవత్సరం గుర్తుచేశారు. ఆ ఏడు నల్ల తామర పురుగు పూతలోకి దిగి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప చేలకు చేలే ఎండిపోయాయి. కొందరు చేలు దున్నేశారు. ఆ ఏడు కూడా ఈ సంఘము పండుగ మానలేదట. హబక్కూకు ప్రవక్త చెట్టు కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డి ఖాళీ అయినా దేవునియందు ఆనందిస్తానని చెప్పాడు గదా (హబక్కూకు 3:17-18) అని ఆయన వాదన.

అప్పుడు మూలన కూర్చున్న ఒక యువకుడు మెల్లగా అన్నాడు: "పండుగ వద్దనడం లేదండీ. పోయినసారి ఎవరు ఏమి తెచ్చారో, ఎంత ఇచ్చారో మైకులో చదివారు. ఏమీ తేలేని వాళ్ళు సిగ్గుపడి గుడికే రాలేదు. ఒక కుటుంబమైతే అప్పటి నుండీ రావడం లేదు."

అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దేవునికి కృతజ్ఞత చెప్పుకునే పండుగ ఒక ఇంటివారిని దేవుని మందిరానికి దూరం చేసిందంటే అది ఎంత పెద్ద మాట! చివరకు అయ్యగారు ఒక తీర్మానం చెప్పారు. పండుగ చేద్దాం. ప్రతివాళ్ళూ తెచ్చినదాని మీద గుడ్డ కప్పి తీసుకురావాలి. పేర్లు, మొత్తాలు మైకులో చదవకూడదు. ఏమీ లేనివాళ్ళు వట్టి చేతులతో వచ్చి మోకరించినా అదీ కానుకే. అందరూ సరేనన్నారు.

ఆదివారం ఉదయం ఆరాధనలో పాట పాడుతుండగా ఒక్కొక్క కుటుంబం ముందుకు వచ్చింది. పీఠం ముందు బల్ల మీద పెట్టాక గుడ్డలు తీశారు. గుమ్మడికాయలు, బీరకాయలు, మునగకాడలు, పది కోడిగుడ్లు, కాళ్ళు కట్టిన రెండు నాటుకోళ్ళు, మూటెడు కందులు, పిడికెడు పత్తి. ఇత్తడి గిన్నెల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో పిడికెడు బియ్యం కానుకలు. ఆ బియ్యాన్ని అమ్మరట. అక్కడికక్కడే వండి మధ్యాహ్నం ప్రేమవిందులో అందరికీ వడ్డిస్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలంపాట. కొన్నవాళ్ళు కొందరు ఆ వస్తువును మళ్ళీ బల్ల మీదే పెట్టారు. అది ఇంకోసారి పాటకు వచ్చింది. ఒక గుమ్మడికాయ అలా మూడుసార్లు అమ్ముడుపోయింది! పిల్లల కేకలు, కోళ్ళ అరుపులు, నవ్వులు. ముందురోజు సాయంత్రం అరుగు మీద కనబడిన దిగులు ఇప్పుడు వారి ముఖాల్లో లేదు.

ఆ సందడిలో అరవై దాటిన ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. భర్త లేడు. మిరపకోత కూలికి వెళుతుంది. కొంగు ముడి విప్పి మడతలు పడిన యాభై రూపాయల నోటు తీసింది. మరో చేతిలో చిన్న గుడ్డ మూట. అందులో ఎండు మిరపకాయలు. వరి చేలో పరిగె ఏరుకున్నట్టు, కోత అయ్యాక చేలో రాలిపోయిన కాయలను ఆసామి అనుమతితో ఏరుకుని, తన గడప ముందు ఎండబెట్టుకున్నదట.

"హాస్టలు పిల్లలకి చందా రాస్తారంటగా. ఇది నాది," అంది.

మాకు చేయి రాలేదు. "వద్దు పెద్దమ్మా. ఈ ఏడు మేము చందా అడగడం లేదు. మీరు ఆ పిల్లల కోసం ప్రార్థన చేయండి, చాలు," అన్నాం. దయగా మాట్లాడామనే అనుకున్నాం. కాని ఆమె ముఖం చిన్నబోయింది.

"ఏమ్మా? నా డబ్బులు ఆ పిల్లల కూటికి పనికిరావా?"

మేము తడబడ్డాం. ఆమె ఆగలేదు. "జబ్బు చేస్తే మందిచ్చారు. తుపానొస్తే దుప్పట్లిచ్చారు. కాదనకుండా పుచ్చుకున్నాం. చెయ్యి చాపీ చాపీ అదే అలవాటైపోయింది. ఈ పూటైనా ఇచ్చే చెయ్యి చేసుకుందామని వస్తే వద్దంటారేందమ్మా? రసీదు రాయండి. మైకులో చదవొద్దు, పుస్తకంలో నా పేరుంటే చాలు."

సంచి అడుగున ఉన్న రసీదు పుస్తకం తీశాం. పేరు రాస్తుంటే ఆమె వంగి చూసింది. చదువు రాదు. అయినా ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని, జాగ్రత్తగా మడిచి బైబిలులో పెట్టుకుంది. తన పేరున ఒక రసీదు ఉండటం అదే మొదటిసారి అంది. "మా నాయనమ్మ వాళ్ళ అమ్మానాయనా ధాత కరువులో బతికి బయటపడ్డోళ్ళు. గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారంట. కూటి కోసం కలవలేదని మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది," అని కూడా అంది. తన పేరు గాని, ఊరు గాని ఎక్కడా ప్రచురించవద్దని మాట తీసుకున్నదీ ఆమే.

ఆ చివరి మాట మమ్మల్ని వదలలేదు. సోమవారం గుంటూరుకు తిరిగి రావలసిన వాళ్ళం, దక్షిణంగా ఒంగోలు వైపు బస్సెక్కాం.

మేదరమెట్ల దాటాక గుండ్లకమ్మ వస్తుంది. ఈ నది ఒడ్డునే వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మన సంఘాల్లో చాలామందికి తెలుసు. దాని వెనుక కథ తెలిసినవారు తక్కువ. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతటా ఘోరమైన కరువు. అదే ధాత కరువు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చిన వేలాది మందికి అక్కడ పని దొరికింది, కూలి దొరికింది. ఉచితంగా పంచిపెట్టకుండా, కష్టం చేసి తినే దారి చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, కరువు సహాయం నడిచిన కాలమంతా, సుమారు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని! సహాయం ఆగిపోయింది. పంచడానికి ఇంక ఏమీ లేదు. అయినా జనం వచ్చారు. ఆ తల్లి నాయనమ్మ చెప్పిన మాట ఇదే.

వారు ఎవరు? ఎక్కువమంది మాదిగ సహోదరులు. ఊరి చివర ఉండి, ఊరి చాకిరీ చేసి, కళ్ళంలో పెట్టిన నాలుగు గింజలతో బతికినవారు. ఆదివారం పని చేయమని, విగ్రహాల పండుగలకు డప్పు కొట్టమని చెప్పినందుకు చాలా ఊళ్ళలో పని పోగొట్టుకున్నారు, నీళ్ళు దొరకక అల్లాడారు. వారికి విశ్వాసం వలన లాభం రాలేదు సరికదా, ఉన్న కాస్త కూడా పోయింది. తోళ్ళ వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య గారు 1866లో బాప్తిస్మం పొంది, తన వాళ్ళ మధ్యకు నడిచి వెళ్ళి సువార్త చెప్పారు. వారికి ఇవ్వడానికి ఏమి ఉంది? కాళ్ళున్నాయి, నోరుంది. వాటినే ప్రభువుకు ఇచ్చారు.

ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కాం. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఇక్కడ మోకరించినది ఐదుగురే. జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. నెల్లూరులో నడుస్తున్న ఆ పరిచర్యకు ఫలితం లేదు, మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఆలోచిస్తున్న రోజులవి. చేతిలో ఏమీ లేనివాళ్ళు చేసిన ప్రార్థన అది. మేమూ అక్కడ కూర్చుని మార్కు సువార్త పన్నెండవ అధ్యాయం మళ్ళీ చదివాం. ఈసారి నలభై ఒకటో వచనం నుండి కాక కొంచెం ముందు నుండి మొదలుపెట్టాం.

అప్పుడు కనబడింది. రెండు కాసుల మాటకు ఒక్క వచనం ముందే, విధవరాండ్ర ఇళ్ళను దిగమింగి దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రులను ప్రభువు గద్దించాడు (12:40). ఆ తరువాత వెంటనే, రాతి మీద రాయి నిలవకుండా ఆ దేవాలయమే పోతుందన్నాడు (13:2). నడుమ ఈ తల్లి నిలబడి ఉంది. ప్రభువు ఆమెను మెచ్చుకున్నాడు, నిజమే. అయితే ఆమె కానుక పుచ్చుకున్న వారిని లెక్క కూడా అడిగాడు. బీదల కానుక తీసుకునే సంఘము ఆ కానుకకు తగినట్టు ఉన్నదా? ఇది కానుకలు తీసుకునే మనమందరం వేసుకోవలసిన ప్రశ్న.

ధర్మశాస్త్రం కూడా బీదవారికి కానుక మాఫీ చేయలేదు. గొర్రెపిల్ల తేలేని వారిని రెండు పక్షులు తెమ్మన్నది. పాపపరిహారార్థ బలికి అవీ లేకపోతే కొంచెం గోధుమ పిండి చాలునన్నది (లేవీ 5:7, 11). బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపులు అర్పించినది ఆ బీదల కానుకే (లూకా 2:24). దేవుడు లేనిదానిని అడగలేదు. ఉన్నదానిని వద్దనలేదు. పౌలు కొరింథు వారికి రాసినదీ ఇదే. మనసు సిద్ధంగా ఉంటే, కలిగినదానిని బట్టే కానుక ప్రీతికరం, లేనిదానిని బట్టి కాదు (2 కొరింథీ 8:12). అందుచేత ఇస్తే రెండింతలు వస్తుందని ఆశపెట్టి, అప్పు చేసి అయినా ఇమ్మనే బోధ వాక్యానుసారమైనది కాదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము కానుక సంచిలో వేయించడం ఆ శాస్త్రుల పనే. అలాగే, బీదవారు గదా వద్దులే అని వారి చేతిని వెనక్కి నెట్టడమూ తప్పే. మొదటిది వారి ఇంటిని దిగమింగుతుంది. రెండవది వారి గౌరవాన్ని తీసివేస్తుంది. మేము చేసినది ఈ రెండవ తప్పు.

మన తెలుగు సంఘాలు పెరిగినది బీదల కానుకల మీదనే. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారు కటిక బీద పల్లె సంఘాలకు కూడా ఇవ్వడం నేర్పారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి తల్లీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం ఆ సంఘాల్లో ఆచారమైంది. క్రైస్తవుని దాతృత్వం మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఈశాన్యాన కొండల్లో ఉన్న మిజో సంఘాల స్త్రీలు 1910లో ఇదే పిడికెడు బియ్యం పద్ధతి మొదలుపెట్టారు. ఆ పిడికెళ్ళతోనే నేటికీ సువార్తికులను పంపుతున్నారు. పిడికెడు తీసిన పూట ఎవరి పళ్ళెమూ ఖాళీ కాలేదు. అయితే ఆ పూట ఆ తల్లి పుచ్చుకునే మనిషిగా మాత్రమే కాక, ఇచ్చే మనిషిగా కూడా పొయ్యి ముందు కూర్చుంది.

ఆ చిన్న సంఘము వేలంపాట సొమ్మును ఏమి చేసిందో చెప్పి ముగిస్తాం. మూడు భాగాలు చేశారు. ఒకటి గుడి ఖర్చులకు. ఒకటి మా వసతి గృహపు పిల్లలకు. మూడవది పంట పోయిన రెండు కుటుంబాలకు. దానిని చీకటి పడ్డాక ఇద్దరు పెద్దలు వెళ్ళి, ఎవరికంటా పడకుండా ఇచ్చి వచ్చారు. అందులో ఒకటి, సిగ్గుపడి గుడికి రావడం మానేసిన ఇల్లు. ఆ కుటుంబం పై ఆదివారం ఆరాధనకు వచ్చిందని, వస్తూ గుడ్డ కప్పిన ఒక చిన్న గిన్నె తెచ్చిందని అయ్యగారు తరువాత ఫోనులో చెప్పారు. ఆ గిన్నెలో ఏముందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ తల్లి ఇచ్చిన మిరపకాయలను వసతి గృహానికి చేర్చాం. అక్కడి పిల్లలు చాలా రోజులు ఆ కారంతో అన్నం తిన్నారు. ఎవరు పంపారని అడిగితే, "మీలాంటి ఒక బీద తల్లి," అని చెప్పాం.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ ఏడు మీ పంట ఎట్లా ఉంది? పండితే, పొలం గట్టున పరిగె ఏరుకునే వారి కోసం కొంచెం వదలండి (లేవీ 19:9-10). పండకపోతే సిగ్గుపడి మందిరం మానకండి. సంఘ పెద్దలారా, మైకు కాస్త పక్కన పెట్టి, మీ మధ్య రావడం మానేసిన ఇల్లు ఏదో వెతకండి. తల్లులారా, వంటింట్లో ఒక చిన్న డబ్బా పెట్టి, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు అందులో వేయండి. బీద చేయి ఏదైనా మీ ముందుకు కానుక చాపితే మాత్రం వద్దనకండి. రెండు చేతులతో అందుకుని రసీదు రాయండి.

మనకు తన్ను తానే ఇచ్చుకున్న ప్రభువు మన కొంచెమును అంగీకరించి దీవించును గాక. ఆమేన్.